కలెక్టర్‌ను అడగకుండా కలెక్షన్ కుదరదు: పాత పోలీసు రివాల్వర్ల చిక్కుముడి

హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఓ మిత్రుడు ఫోన్ ముందుకు జరిపిండు. అమెరికాలో ఎవరో పెద్దాయన, గోడ నిండా రివాల్వర్లు. ఇది ఫలానా ఊరి పోలీసులది, ఇది రైల్లో డబ్బు పెట్టెకు కాపలా కాసిన గార్డుది అంటూ ఒక్కొక్కటి తీసి చూపిస్తున్నాడు. వీడియో అయిపోయాక మావాడు అసలు మాట బయటపెట్టిండు: "మా తాత నిజాం కాలంల పోలీస్ అమీన్ కద. ఆయన సందూకల ఒకటుందని మా చిన్నాయన అంటడు. వందేండ్లు దాటిందైతే లైసెన్స్ అక్కర్లేదట కదనే?"

ఈ ప్రశ్న మావాడిదొక్కడిదే కాదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పాత ఇండ్లలో, గడీల్లో తాతల తుపాకుల కథలు చాలానే వినిపిస్తాయి. వాటికి యూట్యూబ్ వీడియోలు తోడయ్యాయి. ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ 'లైసెన్స్ ఆయుధాలు ఠాణాలో డిపాజిట్ చేయాలి' అనే ప్రకటనలూ తోడవుతాయి. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలు, 2024 మే 13న లోక్‌సభ ఎన్నికలు. ఆరు నెలలు తిరగకుండా రెండుసార్లు తుపాకీ మోసుకుంటూ ఠాణాకు పోయినవాళ్లకు ఈ గొడవ బాగా తెలుసు. మిగతావాళ్లకు మాత్రం పాతది, పోలీసులది, తాతది అనే మూడు మాటలు కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. చట్టం ఈ మూడింటినీ మూడు వేర్వేరు ప్రశ్నలుగా చూస్తుంది. పైగా ఆ ముద్దలో లేని నాలుగో ప్రశ్న ఒకటి అడుగుతుంది: దీంట్లో ఏ తూటా పడుతుంది?

బోరు అంటే ఏంటి, రివాల్వర్ అంటే ఏది

మన పత్రికల్లో పోలీసు నడుముకు ఏది వేలాడినా 'సర్వీస్ రివాల్వర్' అనే రాస్తారు. ఇప్పుడు ఎక్కువమంది అధికారుల దగ్గర ఉండేది పిస్టల్. పిస్టల్‌లో తూటాలు పిడి లోపలి మ్యాగజైన్‌లో ఉంటాయి. ఒకటి పేలగానే ఇంకొకటి దానంతటదే పైకి వస్తుంది. రివాల్వర్‌లో గొట్టం వెనక ఒక సిలిండర్ ఉంటుంది. దానికి ఐదో ఆరో అరలు, అరకొక తూటా. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ సిలిండర్ ఒక అర తిరిగి కొత్త తూటాను గొట్టానికి ఎదురుగా తెస్తుంది. తిరుగుతుంది కాబట్టే ఆ పేరు. నిర్మాణం సులువు, మొరాయించడం తక్కువ. దాదాపు వందేళ్లపాటు ప్రపంచమంతా పోలీసులు దీన్నే నమ్ముకున్నది ఇందుకే.

ఇక బోరు. ఇక్కడ తికమక మన తప్పు కాదు, కొలతలే రెండు రకాలు. రివాల్వర్ మీద .38 అని ఉంటే అంగుళాన్ని వంద భాగాలు చేస్తే అందులో 38 అని, తూటా అడ్డుకొలత సుమారుగా అంత అని అర్థం. ఈ లెక్కలో అంకె పెరిగితే తూటా లావవుతుంది. బ్యాంకు ముందు కూర్చున్న గార్డు చేతిలోని 12 బోర్ తుపాకీ లెక్క దీనికి తలకిందులు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత వెడల్పు. అంకె పెరిగితే గుండు సన్నబడుతుంది. రెండు పద్ధతులూ ఒకే చట్టంలో, ఒకే లైసెన్స్ పుస్తకంలో పక్కపక్కనే కనిపిస్తాయి.

పోలీసుల చేతికి ఏ తుపాకీ ఇవ్వాలి?

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ పాలకులను ఒక భయం వదలలేదు. మనం ఇచ్చిన ఆయుధం మన మీదికే తిరిగితే ఎట్లా? ఆ భయం నుంచి పుట్టిన వింత వస్తువే .410 మస్కెట్. పైకి చూస్తే సైన్యం వాడే .303 రైఫిలే. కానీ మ్యాగజైన్ తీసేసి, ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టేలా చేసి, గొట్టం లోపలి గాడులు లేకుండా నున్నగా మార్చారు. బెంగాల్‌లోని ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీలో ఇలా మార్చిన తుపాకులు పోలీసులకు, కాపలావాళ్లకు వెళ్లాయి. ఎవరైనా ఎత్తుకుపోయినా సైన్యం తూటా అందులో పనికిరాదు. పోలీసుకు ఆయుధం ఇస్తూనే దాని కోరలు పీకేశారన్నమాట.

అధికారుల నడుముకు వచ్చింది రివాల్వర్. బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ కంపెనీ .455 రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. 1915లో వచ్చిన మార్క్ 6 అందులో బాగా పేరుపడింది. కిలో పైచిలుకు బరువు. మధ్యలో మడత బందు ఉంటుంది. దాన్ని విరిచినట్టు వంచగానే కాలిన తూటాల గుల్లలు ఆరూ ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ బరువు, ఆ దెబ్బ తట్టుకోవడానికి చాలా శిక్షణ కావాల్సి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చిన్న తూటా వైపు మళ్లారు. 1932లో ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 వచ్చింది. దాని తోబుట్టువు లాంటిది వెబ్లీ మార్క్ 4. ఈ రెండింటి తూటానే మన చట్టం .380 అంటుంది. ఇక్కడి పాత సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ చేతిలో, ఠాణా పాత ఫొటోల్లో, తోలు ఒరలోంచి బయటికి వేలాడే పిడి అడుగున రింగు, ఆ రింగుకు తాడు ఉన్న రివాల్వర్ గుర్తుంటే అది ఈ కుటుంబానిదే.

ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. .455, .380, .410 అనే మూడు అంకెలు గుర్తుంటే చాలు. పోలీసుల పాత ఆయుధాల కథ ఈ మూడింటి చుట్టే నడుస్తుంది.

నిషేధం తుపాకీ మీదనా, తూటా మీదనా?

ఇప్పుడు అమల్లో ఉన్నది 1959 ఆయుధాల చట్టం. దాని కింద 2016 రూల్స్. వీటి ప్రకారం తుపాకులు ప్రధానంగా రెండు గుంపులు. నాన్ ప్రొహిబిటెడ్ బోర్, అంటే ఎన్‌పీబీ ఆయుధానికి జిల్లాలో కలెక్టరో, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనరో లైసెన్స్ ఇవ్వవచ్చు. ప్రొహిబిటెడ్ బోర్, అంటే పీబీ విషయం కేంద్ర హోంశాఖ దగ్గర తేలాలి. (రివాల్వర్ల 'కలెక్టర్' కావాలంటే ముందు జిల్లా కలెక్టర్ గడప తొక్కాలన్న ముచ్చట ఇంగ్లిష్‌లో చెబితే ఎవరూ నవ్వరు, మనకు మాత్రం కుదిరింది.)

పీబీ అంటే మెషిన్ గన్నులని చాలామంది అనుకుంటారు. అవి ఉన్నాయి. కానీ రూల్స్ వెంట ఉన్న షెడ్యూలులో ఇంకో వరుస ఉంది. .303 లేదా 7.62 సర్వీస్ (ప్రభుత్వ బలగాలు వాడే) తూటా పట్టే రైఫిళ్లు, .410 మస్కెట్లు, .380 లేదా .455 రిమ్డ్ (అడుగున అంచు బయటికి ఉండే) తూటా పట్టి పేల్చగల ఏ రివాల్వరైనా, సర్వీస్ 9 ఎంఎం లేదా .45 రిమ్‌లెస్ తూటా పట్టే పిస్టళ్లు. పై మూడు అంకెలు మళ్లీ ఇక్కడ ఎదురయ్యాయి.

పోలీసుల, సైనికుల పాత చేతి ఆయుధాలను ఎవరైనా సేకరించాలనుకుంటే వాళ్ల మనసు పోయేది వెబ్లీ .455, ఎన్‌ఫీల్డ్ .380, పోలీస్ మస్కెట్ .410ల మీదికే. మన చట్టం మామూలు మనిషికి అందకుండా పైఅరలో పెట్టింది కూడా సరిగ్గా వీటినే. దానికి కారణం ఆ తుపాకీ భయంకరమైనదని కాదు. ప్రభుత్వ గోదాముల్లో ఉన్న తూటా దాంట్లో పడుతుందని. ఠాణా నుంచి తూటాలు మాయమైతే వాటిని పేల్చగల తుపాకీ ఊళ్లో ఉండకూడదు, అంతే.

బలాన్ని బట్టి నిషేధించి ఉంటే లెక్క వేరే ఉండేది. అమెరికన్ .357 మ్యాగ్నమ్ తూటా దెబ్బ .380 కంటే దాదాపు మూడు రెట్లు. అయినా .357 రివాల్వర్‌లో .380 తూటా పట్టదు కాబట్టి అది ఎన్‌పీబీ కిందికి వస్తుంది. బలహీనమైన ముసలి ఎన్‌ఫీల్డ్ పీబీ, బలమైన మ్యాగ్నమ్ ఎన్‌పీబీ! మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. తూటా తర్కం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆ తర్కం ఈ కాలానికి ఎంతవరకు సరిపోతుందన్నది వేరే చర్చ, ఎందుకంటే చాలాచోట్ల పోలీసులే .380ని వదిలి 9 ఎంఎంకు వెళ్లిపోయారు.

మన దేశంలో లైసెన్స్ రివాల్వర్ అనగానే .32 గుర్తుకు రావడానికి కారణం కూడా ఇదే. కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే .32 రివాల్వర్‌ను చూస్తే మడత బందుతో సహా పాత వెబ్లీ పోలికే. రూపం పోలీసుదే, తూటా మాత్రం పోలీసుది కాదు. 1980ల మధ్య నుంచి విదేశీ ఆయుధాల దిగుమతి మామూలు పౌరులకు దాదాపు మూసుకుపోయింది. దాంతో అంతకుముందు వచ్చిన అసలు వెబ్లీ .32 ఇప్పుడు చేతులు మారితే ధర లక్షల్లో పలుకుతుంది. అక్కడ జనం డబ్బు పెట్టేది చరిత్ర కోసమా, బర్మింగ్‌హామ్ ముద్ర కోసమా అంటే రెండోదే ఎక్కువని నా అనుమానం.

వందేళ్లు నిండితే?

మావాడి ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. 'వందేళ్లు' అనే అంకె గాలిలోంచి పుట్టింది కాదు. 1972 పురావస్తువుల చట్టంలో వందేళ్లకు తక్కువ కాని చారిత్రక వస్తువును పురావస్తువు అంటారు. కానీ ఆ చట్టం పని వేరు. అలాంటి వస్తువు దేశం దాటిపోకుండా చూడటం, దాని వ్యాపారాన్ని అదుపులో పెట్టడం. అది తుపాకీకి లైసెన్స్ మాఫీ చేయదు. ఒకే రివాల్వర్ ఒకేసారి పురావస్తువూ కావచ్చు, ఆయుధమూ కావచ్చు. అప్పుడు తలనొప్పి తగ్గదు, రెండింతలవుతుంది.

ఆయుధాల చట్టంలో మినహాయింపు ఉన్నది 45వ సెక్షన్‌లో. పాతబడిన నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, 'మరమ్మతు చేసినా చేయకపోయినా' తుపాకీగా వాడటానికి వీలుకానిదైతే చట్టం దాని జోలికి రాదు. మన చిక్కంతా ఆ మరమ్మతు మాటలోనే ఉంది. తుప్పు పట్టి ట్రిగ్గర్ బిగుసుకుపోయిందంటే చాలదు. పనిమంతుడు ఒక స్ప్రింగు వేసి, నూనె పోసి పనిచేయించగలిగితే అది తుపాకీయే. గొట్టంలో ఉక్కు కడ్డీ వేసి వెల్డింగ్ చేసి, సిలిండర్ అరలు చీల్చేసి, ఇంక ఎవరి తరమూ కాదన్న స్థితిలో ఉంటే అప్పుడు మినహాయింపు మాట వస్తుంది. వీలవుతుందా కాదా అని తేల్చేది ఇంటి యజమాని కాదు. వివాదం వస్తే ఆయుధ నిపుణుడు చూసి చెప్పాలి.

చట్టం వయసును ఎందుకు నమ్మదో తెలుసుకోవడానికి ములుగు, ఆసిఫాబాద్ అడవులు దాటి పోనక్కర్లేదు. అక్కడ పోలీసులు పట్టుకునే నాటు తుపాకుల్లో బర్మార్ ఉంటుంది. మూతి నుంచి మందు దట్టించి, గుండు వేసి, కడ్డీతో కూరి పేల్చేది. సాంకేతికంగా అది రెండు వందల ఏళ్ల కిందటి పద్ధతి, ఏ మ్యూజియంలోనైనా పెట్టదగ్గది. అయినా అడవిపందిని పడగొడుతుంది, మనిషినీ పడగొడుతుంది.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ రూల్స్ సవరిస్తూ 'క్యూరియో', అంటే అపురూపమైన పాత వస్తువు, కోవకు చెందిన చిన్న ఆయుధాలు కొనడానికి, ఉంచుకోవడానికి భారత పౌరులకు లైసెన్స్ అక్కర్లేదని చెప్పింది. వాట్సాప్‌లో తిరిగేది ఇక్కడివరకే. ఆ వెంటనే ఉన్న మాట తిరగదు: దాన్ని వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించాలన్నా తగిన లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ మీద ఎక్కించకుండా దానికి తూటాలు అమ్మరు. అంటే గోడకు వేలాడుతున్నంతసేపు ఒక లెక్క, గోడ దిగి గడప దాటితే ఇంకో లెక్క. తాత పేరున కాగితం లేని ఒక .455 సందూకలో దొరికితే 'ఇది క్యూరియో' అని మనమే పేరు పెట్టుకుంటే చెల్లదు.

ఆ గోడ అమెరికాలో ఎలా నిండింది?

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1899లో 'మిలిటరీ అండ్ పోలీస్' అనే రివాల్వర్ తెచ్చింది. 1957లో దానికి మోడల్ 10 అని పేరు మార్చారు. తయారైనవి అరవై లక్షలకు పైనే. కోల్ట్ కంపెనీ 1927 నుంచి 'అఫీషియల్ పోలీస్' అమ్మింది. పోలీసు శాఖలు, జైళ్లు, రైల్వే కాపలాదార్లు వేలల్లో కొన్నారు. చాలావాటి మీద శాఖ పేరో, సంఖ్యో చెక్కేవారు. 1986 ఏప్రిల్‌లో మయామీలో ఇద్దరు దొంగలకూ అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. రివాల్వర్‌లో ఆరు తూటాలు చాలవన్న వాదన ఆ తర్వాత బలపడింది. న్యూయార్క్ పోలీసులు 1993లో 9 ఎంఎం పిస్టళ్ల వైపు మళ్లారు. చాలా శాఖలు పాత రివాల్వర్లను డీలర్లకు ఇచ్చి, ఆ విలువను కొత్త పిస్టళ్ల బిల్లులో తగ్గించుకున్నాయి. అలా బజారుకు వచ్చినవే ఆ గోడ మీద ఉన్నాయి. అక్కడి చట్టంలో 1898 దాకా తయారైనవి యాంటిక్, అంటే పురాతన వస్తువు. యాభై ఏళ్లు దాటినవి 'క్యూరియో అండ్ రెలిక్', వాటికి కలెక్టర్ల కోసం వేరే లైసెన్స్ ఉంది. 1899లో పుట్టిన మొట్టమొదటి మిలిటరీ అండ్ పోలీస్ ఒక్క ఏడాది తేడాతో యాంటిక్ కాకుండా పోయింది పాపం.

అక్కడి సేకరణలో అసలు మజా ఇనుములో కంటే ఆనవాలులో ఉంటుంది. రైళ్లలో సరుకు, డబ్బు చేరవేసిన రైల్వే ఎక్స్‌ప్రెస్ సంస్థ ముద్ర ఉన్న గార్డు రివాల్వర్‌కు మామూలు దానికంటే ధర ఎక్కువ. అందుకే దొంగ ముద్రలూ ఎక్కువే. కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలు తమ పాత రిజిస్టర్లు చూసి, ఫలానా నంబరు రివాల్వర్ ఫలానా ఏడాది ఫలానా చోటికి వెళ్లిందని రుసుము తీసుకుని ఉత్తరం ఇస్తాయి. ముద్ర ఒక ఊరు చెప్పి ఉత్తరం ఇంకో ఊరు చెప్పిందా, బేరం చెడినట్టే.

అయితే అక్కడి .38 స్పెషల్ వేరు, ఇక్కడి .380 వేరు. పేర్లు దగ్గరగా ఉన్నా స్పెషల్ పొడవు, సన్నం. .380 పొట్టి, లావు. ఒకదాని తూటా ఇంకోదానికి సరిపోదు. వీడియో చూసి తాత రివాల్వర్‌కు అంచనా కట్టేవాళ్లు మొదట తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఇంకో సంగతి. గార్డు రివాల్వర్ అనేది అసలు అమెరికా వస్తువు. మన దగ్గర బ్యాంకు గార్డు చేతిలో ఉండేది 12 బోర్. తరచూ అది అతని సొంత పేరున లైసెన్స్ ఉన్న తుపాకీ, అతను మాజీ సైనికుడు. ఉద్యోగం మానేస్తే తుపాకీ ఆయన వెంటే ఇంటికి పోతుంది. కాబట్టి 'బ్యాంకు ముద్ర ఉన్న రివాల్వర్' అని ఎవరైనా ఇక్కడ చూపిస్తే అనుమానించడమే నయం. పోలీసు శాఖ పాత ఆయుధాలూ మన బజారుకు రావు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో .303కు వీడ్కోలు చెప్పారు, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. అంతమాత్రాన ఆ రైఫిళ్లు ఎవరింటి గోడమీదికీ చేరవు.

సందూక తెరిస్తే

మూడు ఊహా ఉదాహరణలు తీసుకుందాం.

హన్మకొండలో ఒక రిటైర్డ్ ఉద్యోగి, లైసెన్స్ ఉన్న వెబ్లీ .32, చనిపోయాడు. ఆయన పోయిన రోజు నుంచి ఆ లైసెన్స్ మీద ఇంట్లో రివాల్వర్ ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ కావాలి. తర్వాత వారసుల్లో ఒకరు తమ పేరున లైసెన్స్ కోరవచ్చు. 2016 రూల్స్ ఇంకో వెసులుబాటు ఇచ్చాయి. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, బతికుండగానే వారసుడికి మార్పించవచ్చు. వారసుడైన కొడుకు దగ్గర ఇప్పటికే ఒక 12 బోర్, ఇంకో రైఫిల్ ఉన్నాయనుకోండి. తండ్రి గుర్తుతో కలిపి మూడు. 2019 సవరణ పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించింది, వారసత్వంగా వచ్చినవీ ఆ రెండులోనే లెక్క. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. నిజానికి ముసాయిదాలో మొదట ఒక్కటే అని ఉండేది, అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు.

రెండోది మావాడి కథ లాంటిది. జనగామ వైపు పాత ఇల్లు, గోడ కూలగొడుతుంటే బట్టలో చుట్టిన .455 వెబ్లీ బయటపడింది. కాగితాలు లేవు. ఇది పీబీ. లైసెన్స్ లేకుండా పీబీ ఆయుధం ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడు నుంచి పద్నాలుగేళ్లు. మామూలు ఆయుధానికైతే రెండు నుంచి ఐదేళ్లు. ఇది చదివి గుండె ఆగనక్కర్లేదు. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఒకటుంది: తన దగ్గర ఆయుధం ఉందన్న ఎరుక ఉంటేనే అది చట్టం దృష్టిలో 'ఉంచుకోవడం'. కూలీ గునపానికి తగిలేదాకా ఎవరికీ తెలియని వస్తువు ఒక లెక్క. తెలిశాక మళ్లీ బట్టలో చుట్టి అటక ఎక్కిస్తే ఇంకో లెక్క. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నది కేసులో పెద్ద ప్రశ్నవుతుంది.

మూడోది ఒక తుప్పు ముద్ద. చెరువు పూడికలో దొరికింది, సిలిండర్ లేదు, గొట్టం సగం తినేసి ఉంది. ఇది 45వ సెక్షన్ మినహాయింపులోకి రావచ్చు. ఇంతకుమించి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

వాదనలు రెండు వైపులా

సేకరించేవాళ్ల బాధలో న్యాయం ఉంది. ఠాణా గోదాముల్లో, డీలర్ల అరల్లో డిపాజిటై ఏళ్ల తరబడి పడి ఉన్న పాత తుపాకులు చివరికి తుక్కవుతాయి. ఒక .410 మస్కెట్‌ను కరిగిస్తే పోయేది నాలుగు కిలోల ఇనుము కాదు, పాలకులు సొంత పోలీసులనే ఎందుకు నమ్మలేదో చూపించే సాక్ష్యం. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీలో నగిషీల కత్తులు, నవాబుల తుపాకులు చూడొచ్చు. మామూలు జవాను భుజాన మోసినదానికి అలాంటి చోటు దొరకడం అరుదు. ధనవంతుల ఆయుధాలు మ్యూజియానికి, పేదవాడి ఆయుధం కొలిమికి.

పోలీసుల వాదన తేలిగ్గా కొట్టేసేదీ కాదు, ముఖ్యంగా ఉత్తర తెలంగాణలో. 1946-51 సాయుధ పోరాటంలో గడీల తుపాకులు దళాల చేతికి వెళ్లాయి. పీపుల్స్‌వార్ కాలంలో దొరల లైసెన్స్ తుపాకులు మళ్లీ అదే దారి పట్టాయి, ఠాణాల మీద దాడులు జరిగిందే ఆయుధాల కోసం. ఇక్కడి అధికారికి ఇంట్లో ఉన్న పాత తుపాకీ అంటే అలంకారం కాదు, రేపు ఎవరి చేతికి పోతుందో తెలియని వస్తువు.

ఈ భయం వట్టిది కాదనడానికి బ్రిటన్ ఉదాహరణ ఉంది. 1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత అక్కడ చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. తూటా తయారీ ఆగిపోయిన పాత బోర్లను మాత్రం యాంటిక్కులుగా వదిలారు. తూటా దొరకదు కదా, ప్రమాదమేంటి అనుకున్నారు. నేరగాళ్లు ఆ పాత రివాల్వర్లు కొని, తూటాలు ఇంట్లోనే చేసుకున్నారు. చివరికి 2021లో ఏడు రకాల తూటాల తుపాకులను మినహాయింపు జాబితా నుంచి తీసేశారు. అమెరికాలోనూ కొన్ని పోలీసు శాఖలు పాత రివాల్వర్లు అమ్మడం మానేసి కరిగిస్తున్నాయి. తమ ముద్ర ఉన్న ఆయుధం ఏదో ఒకరోజు నేరస్థలంలో దొరుకుతుందన్న భయంతో.

నా మట్టుకు నాకు మధ్యదారి కనిపిస్తుంది. గొట్టం మూసేసి, పేల్చే వీలు లేకుండా చేసి, ధ్రువపత్రంతో జిల్లా మ్యూజియాలకో, కాలేజీలకో ఇస్తే చరిత్రా మిగులుతుంది, పోలీసుకూ నిద్ర పడుతుంది. దీనికి సేకర్తలే ఒప్పుకోరు. వెల్డింగ్ చేసిన వెబ్లీ వాళ్ల దృష్టిలో వెబ్లీ కాదు, శవం.

ఇనుము చుట్టూ ఉన్నవి

రివాల్వర్‌ను పక్కనపెడితే దాని చుట్టూ ఉన్న సరంజామా మీద ఏ షెడ్యూలూ లేదు. తోలు ఒర, మెడకో భుజానికో వేసుకునే తాడు, ఇత్తడి చప్రాస్ (హోదా బిల్ల), నిజాం కాలపు ఉర్దూ కాగితాలు, దస్తూరితో నిండిన పాత లైసెన్స్ పుస్తకాలు. ఊరి పోలీసు బాధ్యత చూసే పోలీస్ పటేల్ అధికారం ఎంతవరకు, ఏ దొర ఏ బోరు కోసం ఎవరికి అర్జీ పెట్టుకున్నాడు అన్నది ఆ కాగితాల్లో ఉంటుంది. రివాల్వర్ అంతగా మాట్లాడదు.

తూటాతో మాత్రం జాగ్రత్త. పేలని తూటా ఒక్కటున్నా అది మందుగుండే. బ్యాగు మూల మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్కానర్‌లో కనబడి కేసుల పాలైనవాళ్లున్నారు. చాలాసార్లు ఎరుక లేదన్న కారణంతో కోర్టులు కొట్టేస్తాయి, కానీ ఆ లోపు విమానం వెళ్లిపోతుంది, ఏళ్లూ వెళ్లిపోతాయి.

విడిభాగాల సంగతి ఇంకా తమాషా. 45వ సెక్షన్‌లోనే ఆయుధాల చిన్నచిన్న భాగాలకు మినహాయింపు ఉంది. వెబ్లీ చెక్క పిడి ఒక్కటే షోకేసులో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కాకపోతే దానికో షరతు: ఆ భాగాన్ని, అదే మనిషి దగ్గరో 'మరొకరి దగ్గరో' ఉన్న మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు. చెక్క పిడి అన్న దగ్గర హన్మకొండలో, మిగతా రివాల్వర్ తమ్ముడి దగ్గర కాజీపేటలో ఉందనుకోండి, ఇద్దరూ కలిసే ఠాణాకు పోవాల్సి వస్తుంది.